నేనిచ్చింది ఒక్కటే

"లేపితే లేస్తోంది, చేయి తీస్తే మునిగిపోతోంది," అన్నాడు డాక్టరు. "ఎంతసేపని ఇలా లాక్కొస్తాం మేడమ్?"

మంచం మీది పిల్లకి ఇరవై మూడేళ్ళు. పార్సిళ్ళ గోడౌన్‌లో రాత్రి షిఫ్టు. పొద్దున రూమ్మేటు లేపబోతే కదల్లేదు, పెదాలు నల్లబడి ఉన్నాయి. అంబులెన్సులో తెచ్చి విరుగుడు ఇంజెక్షన్ ఇస్తే కళ్ళు తెరిచి మంచినీళ్ళు అడిగింది. నోట్లో పోసిన నీళ్ళు మింగిందో లేదో, మళ్ళీ కళ్ళు తేలేసింది. ఇంకోటి ఇచ్చారు, లేచింది. కాసేపటికి మళ్ళీ అదే కథ.

జల్లెడ మంచం చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి నిలబడింది. ఆవిడ క్రైమ్ బ్రాంచి డిటెక్టివ్. ఆవిడ అసలు పేరు జీతం వచ్చే రోజు తప్ప ఎవరికీ గుర్తుండదు. ఏ కేసు చేతిలో పెట్టినా జల్లించి జల్లించి రాయి వేరు చేస్తుందని ఆ పేరు పడింది. ఎదురుగా ఉంటే మేడమ్, వీపు తిప్పితే జల్లెడ. ఆవిడకీ తెలుసు, పట్టించుకోదు.

"పరీక్షలో ఏం తేలింది?"

డాక్టరు వేళ్ళు మడిచాడు. మేలుకోబెట్టే బిళ్ళ ఒక రకం. నిద్రపుచ్చే బిళ్ళ ఒక రకం. కాస్త బీరు. ఇంతవరకూ తేలింది. కానీ ఈ మూడూ కలిసినా కంటిపాప సూదిమొనంత అవదు. నాలుగోది ఉంది, నల్లమందు జాతిది, తమ దగ్గరున్న పరీక్షకి అందనిది.

"కడుపులో ఏమీ మిగల్లేదు. ఒంటి మీద సూది గుర్తు లేదు. అయినా లోపలికి ఎక్కుతూనే ఉంది. ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోంది మేడమ్. అదేంటో, ఎటునుంచి ఎక్కుతోందో చెప్పండి. సాయంత్రం దాకా ఆగదు."

హంతకుణ్ణి తెమ్మని అడిగేవాళ్ళని జల్లెడ బోలెడుమందిని చూసింది. మందు పేరు తెమ్మన్నవాడు ఇతనొక్కడే. అదీ చచ్చాక కాదు, చావకముందు.

బయట బెంచీ మీద పిల్ల తల్లి కూర్చుని ఉంది. కుట్టుపని చేస్తుంది, మెడలో కొలతల టేపు తీయడం కూడా మర్చిపోయి వచ్చేసింది. జల్లెడని చూడగానే లేచి, అడక్కుండానే చెప్పింది. మా అమ్మాయి అలాంటిది కాదండీ. ఆ రూములో ఉన్నదే ఏదో కలిపింది. దాన్ని పట్టుకోండి.

తల్లి ఇంకా మాట్లాడుతూ ఉండగానే వరండా చివర బూట్ల చప్పుడయింది. డ్రగ్స్ స్క్వాడ్ ఆఫీసరు వస్తున్నాడు. వెనక ఇద్దరు కానిస్టేబుళ్ళు, వాళ్ళ మధ్య మందుల షాపు సేల్స్‌మన్, వాడి చేతుల్లో దగ్గుమందు సీసాల పెట్టె. ఈ ఆఫీసరుకి డిపార్టుమెంటులో ప్రెస్‌మీట్ అని పేరు. కేసు తేలకముందే టేబుల్ మీద సరుకు పరిచి ఫోటోకి నిలబడతాడు. మీసం దువ్వే దువ్వెన ఎప్పుడూ జేబులోనే ఉంటుంది.

"దొరికేశాడు మేడమ్," అన్నాడు, పెళ్ళిచూపులకి వచ్చినవాడిలా నవ్వుతూ. "గోడౌన్ పిల్లలందరికీ వీడే దగ్గుమందు అమ్మేది. మధ్యాహ్నం మీడియాని పిలిచాను. ఆ రూము సీల్ చేసి, రూమ్మేటుని మొహానికి గుడ్డ కట్టి నిలబెడితే సరి."

"ఆ పిల్ల ఒంట్లో దగ్గుమందు లేదు."

"ఏదో ఒకటి ఉందిగా."

"నాలుగున్నాయి."

"నాలుగంటే ఎలా మేడమ్. ఒక మందు, ఒక మనిషి. అలా అయితేనే జనానికి ఎక్కుతుంది. నాలుగంటే హెడ్డింగులో పట్టదు." సేల్స్‌మన్ భుజం మీద చేయి వేశాడు. "మీరు జల్లిస్తూ కూర్చోండి. ఈలోగా నేను బస్తా మూతి కుట్టేస్తా."

"కుట్టండి. పిల్ల పోయాక ఆ బస్తా ఎవరి నెత్తిన పెట్టాలో అప్పుడు చూద్దాం."

ఆయన నవ్వు సగంలో ఆగింది. వెళ్ళిపోతాడేమో అనుకుంది గానీ వెళ్ళలేదు. సేల్స్‌మన్‌ని అక్కడే కూర్చోబెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆవిడ ఏం పీకుతుందో చూద్దామని.

జల్లెడ తల్లి పక్కన కూర్చుంది. కూతురి సంగతి ఎత్తలేదు. ఆవిడ చేతుల వంకే చూసింది. బట్ట మీద తిన్నగా గీత గీసే చేతులవి. ఇప్పుడు ఒళ్ళో పెట్టుకున్నా వణుకుతున్నాయి. భయానికి వణికే చేతులు ఆగి ఆగి వణుకుతాయి. ఇవి ఆగడం లేదు. నుదుటి మీద చెమట.

"మీ బిళ్ళలు వేసుకుని ఎన్నాళ్ళయిందమ్మా?"

తల్లి మొహం పాలిపోయింది. ఏం బిళ్ళలు అంది. జల్లెడ ఆవిడ చేయి తీసుకుని తన రెండు చేతుల మధ్య పెట్టుకుంది. ఆ చేయి కొట్టుకుంటూనే ఉంది, వలలో పడ్డ పిట్టలాగా.

కాసేపటికి తల్లి తల వంచేసింది. భర్త పోయినప్పటినుంచీ నిద్రకి బిళ్ళ వేసుకుంటోంది. షిఫ్టు అయి వచ్చాక కళ్ళు మూతపడటం లేదమ్మా, గుండె దడదడలాడుతోంది అని కూతురు ఏడిస్తే, తన బిళ్ళ తీసి ఇచ్చింది. తనకి రాసిచ్చినవే అయిపోతున్నాయని తను మానేసి, అన్నీ కూతురికే ఇచ్చింది.

"నేనిచ్చింది ఒక్కటేనమ్మా. పూటకి ఒక్కటే. డాక్టరు రాసిచ్చిందే కదా, అదేమన్నా మత్తుమందా?" అంది. తర్వాత ఆవిడ గొంతు పూర్తిగా దిగిపోయింది. "ఆ ఆఫీసరుగారికి చెప్పకండి. పేపర్లో వేస్తారు. మా వాడలో మళ్ళీ తలెత్తుకోలేను."

డాక్టరు పొద్దున్నుంచీ ఈవిణ్ణి మూడుసార్లు అడిగాడు, ఇంట్లో ఏమైనా మందులున్నాయా అని. మూడుసార్లూ లేవంది. లోపల కూతురి ఊపిరి ఆగిపోతున్నా, పరువు పోతుందని లేవంది. రాక్షసి కాదు. తల్లే. సిగ్గు అంత పని చేస్తుంది. నోట్లోంచి మాట రానివ్వదు, పక్కవాళ్ళ మీదికి వేలు మాత్రం చూపించనిస్తుంది.

పిల్ల రూముకి వెళ్ళే దారిలోనే గోడౌన్ ఉంది. ప్రెస్‌మీట్ తన జీపులోనే పదమన్నాడు. ఆవిడ ఎక్కింది.

అక్కడ షిఫ్టు లీడరు అద్దాల గదిలో ఉన్నాడు. వీడికీ ఇరవై ఆరో ఇరవై ఏడో. గోడ మీద తెర, తెర మీద మనుషుల పేర్లు. వేగంగా సర్దేవాళ్ళవి పచ్చగా, వెనకబడ్డవాళ్ళవి ఎర్రగా. ప్రెస్‌మీట్ వాడి సొరుగులు లాగుతుంటే జల్లెడ ఆ తెరనే చూస్తూ నిలబడింది. నిన్న రాత్రిది వేసి చూపించమంది. రాత్రి సగం గడిచేసరికి పేర్లన్నీ ఒక్కొక్కటే ఎర్రబడుతూ వచ్చాయి. టీ బ్రేకు అవ్వగానే అన్నీ ఒక్కసారి పచ్చబడ్డాయి.

టీలో ఏం కలుపుతున్నావని అడిగింది. కలపడం లేదన్నాడు. మరి చేతిలో పెడుతున్నావా అంది. వాడు నేల చూపులు చూశాడు.

వాడు చెప్పింది ఇంతే. అడిగినవాళ్ళకే ఇస్తాడు. విటమిన్ అంటాడు. తనూ వేసుకుంటాడు, లేకపోతే తన పేరు కూడా ఎక్కడో పై ఆఫీసులో ఇంకో తెర మీద ఎర్రబడుతుంది. నిన్న ఆ పిల్ల షిఫ్టు మొదట్లోనే తూలుతోందని ఇచ్చాడు. ఎప్పుడూ తూలని మనిషి, నిన్న నిలబడే నిద్రపోతోందట.

"నేనిచ్చింది ఒక్కటే సార్," అన్నాడు ప్రెస్‌మీట్‌కి చేతులు జోడించి.

ప్రెస్‌మీట్ కళ్ళు మెరిశాయి. "మేడమ్, దగ్గుమందు వద్దు. వీడే కరెక్టు."

"వీడిచ్చింది మేలుకోబెట్టేది. మనకి కావాల్సింది ముంచేది." జల్లెడ అప్పటికే బయటికి నడుస్తోంది. "వీడు ఇవ్వకముందే ఆ పిల్ల తూలుతోంది. అంటే ఆ నాలుగోది షిఫ్టుకి రాకముందే ఒంట్లో పడింది. వీడి బిళ్ళ దాన్ని తెల్లారేదాకా పైకి తెలియనివ్వలేదు. బిళ్ళ బలం దిగగానే అది మీద పడింది."

ఆయన మీసం దువ్వుకోవడం మర్చిపోయి వెనకే వచ్చాడు.

ఆడపిల్లల రూము మేడ మీద. రెండు మంచాలు, ఒక కిటికీ, తలుపు వెనక మేకులకి బట్టలు. రూమ్మేటు మూలన ముడుచుకుని కూర్చుంది. సెలూన్‌లో జుట్టు కత్తిరిస్తుంది, తన జుట్టు మాత్రం నూనె లేక చింపిరిగా ఉంది. ప్రెస్‌మీట్ గుమ్మంలో అడుగు పెట్టగానే ఆ పిల్ల లేచి గోడకి అతుక్కుపోయింది. పొద్దున ఈయన మనుషులు వచ్చి గుడ్డ చూపించి వెళ్ళారట, మధ్యాహ్నానికి రెడీగా ఉండు అని.

జల్లెడ ఆయన్ని గుమ్మం బయటే ఆపింది. ఆడపిల్లల గది, అక్కడే ఉండండి అంది. ఆయన అక్కడినుంచే తొంగి చూస్తూ నిలబడ్డాడు.

ఆవిడ పద్ధతి ఒకటుంది. వెంటనే ఏదీ ముట్టుకోదు. ముందు గది మధ్యలో నిలబడి, ఈ గదిలో ఉండకూడనిది ఏమిటని చూస్తుంది. మంచం కింద ఖాళీ బీరు సీసాలు రెండు. ఉండేవే. దిండు కిందినుంచి అంచు కనిపిస్తూ తల్లి ఇచ్చిన బిళ్ళ రేకు. అదీ ఉండేదే. కిటికీలో కొత్త ప్లాస్టర్ల పెట్టె, బూటు కరిచినచోట వేసుకునేవి. పెట్టెలోంచి ఒక్కటే తీసి ఉంది. గుమ్మం దగ్గర పిల్ల బూట్లు. వంగి ఒకటి చేతిలోకి తీసుకుంది. అరిగి, మెత్తబడి, మడమ దగ్గర లోపలి గుడ్డ కూడా చిరిగిపోయి ఉంది. గుడ్డ ముక్కలా చేతిలో మడత పడింది.

"కొత్త బూట్లేమైనా కొందా?"

లేదంది రూమ్మేటు. రెండేళ్ళుగా అవే.

పక్క మీద, కాళ్ళ వైపు, ఎర్రటి రబ్బరు బ్యాగు. చల్లారిపోయిన వేడినీళ్ళ బ్యాగు.

"ఇదెవరు పెట్టారు?"

"నేనే," అంది రూమ్మేటు, అప్పటిదాకా పట్టి ఉంచిన ఏడుపు తన్నుకొస్తుంటే. "పొద్దున వచ్చింది. ఇద్దరం బీరు తాగాం. నేనిచ్చింది అదొక్కటే మేడమ్, ఒట్టు. వెంటనే పడిపోయినట్టు పడుకుంది. కాళ్ళు చల్లగా ఉన్నాయని బ్యాగు పెట్టాను. గురక పెట్టింది. ఎప్పుడూ పెట్టదు. నాకు నవ్వొచ్చి..."

ఆగిపోయింది. ఫోను చేతిలో తిప్పుతోంది. జల్లెడ చేయి చాపితే, తల తిప్పుకుని ఇచ్చింది. ఫోనులో వీడియో. నిద్రపోతున్న పిల్ల, బరువైన గురక, మధ్యమధ్యలో పెద్ద విరామం. వెనకనుంచి రూమ్మేటు కిసుక్కుమని నవ్వు. వీడియో మీద ఏదో తమాషా పాట కూడా పెట్టింది, ఫ్రెండ్స్‌కి పంపించింది. అందరూ పగలబడి నవ్వే బొమ్మలు పెట్టారు.

"చచ్చిపోతోందని తెలీదు మేడమ్," అంది ఆ పిల్ల. "నవ్వాను."

జల్లెడ ఫోను తిరిగి ఇచ్చేసింది. ఆవిడ చూపు మళ్ళీ ఆ ఎర్ర బ్యాగు మీదే ఆగింది. వేడి. ఎక్కడో విన్న మాట బుర్రలో దొర్లుతోంది. ఒక నర్సు గొంతు. దాని మీద వేడి తగలనివ్వకండమ్మా, దుప్పట్లు దట్టంగా కప్పకండి, వేడికి మందు గబగబా ఒంట్లోకి దిగిపోతుంది.

ఆ మాట నర్సు చెప్పింది జల్లెడకే. ఆవిడ తల్లి గురించి. తల్లికి ఎముకల క్యాన్సరు. నొప్పికి చర్మం మీద అంటించే ప్యాచ్ ఇస్తారు, చిన్న పారదర్శకమైన ముక్క, గోరుకి రెండింతల వెడల్పు ఉంటుంది. మూడు రోజులకోసారి పాతది తీసి కొత్తది అంటించాలి. తీసిన దాంట్లో కూడా బోలెడు మందు మిగిలే ఉంటుంది, మడిచి మాకే తిరిగి ఇచ్చేయండి అని చెప్పారు. తిరిగి ఇవ్వడమంటే ఆస్పత్రిలో మళ్ళీ లైను. జల్లెడకి తీరికెక్కడిది? తీసినవాటిని అల్మారాలో ఖాళీ బిస్కెట్ డబ్బా మూత లోపలి వైపు అంటించి పెట్టేది. ఎప్పుడో ఒకప్పుడు అన్నీ కలిపి తీసుకెళ్దామని.

"ఆ ప్లాస్టరు ఎప్పుడు వేసుకుంది?" ఆవిడ గొంతు ఆవిడకే కొత్తగా వినిపించింది.

"నిన్న సాయంత్రం, షిఫ్టుకి వెళ్ళేముందు. బూటు కరిచిందంది. కానీ కుంటలేదు." రూమ్మేటు ముక్కు తుడుచుకుంది. "కాళ్ళ నొప్పులని మాత్రం రోజూ ఏడిచేది. రాత్రంతా నిలబడే పని కదా. నిన్న వాడొచ్చాడు, వాడేదో తెచ్చాడనుకుంటా. మేడ మెట్ల మీద కూర్చుని మాట్లాడుకున్నారు."

"వాడెవరు?"

"పేరు చెప్పలేదు. కాల్ సెంటర్లో రాత్రి డ్యూటీ. మంచివాడే మేడమ్, దాన్ని ప్రాణంలా చూసుకుంటాడు. ఇంట్లో అమ్మమ్మకి ఒంట్లో బాగుండదట, పగలంతా వాడే సేవ చేస్తాడట. వాళ్ళమ్మ ఇంట్లో కనిపించదట. ఒకసారి నవ్వుతూ అన్నాడు..." ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంటూ చెప్పింది, ఎవరి ముందు చెబుతోందో తెలియక. "మా అమ్మ ఊళ్ళో అందరి ఇళ్ళూ వెతుకుతుంది, మా ఇల్లు తప్ప అని."

గుమ్మంలోంచి ప్రెస్‌మీట్ అరిచినట్టే అన్నాడు. "కాల్ సెంటరా? ఎన్నుంటాయి మేడమ్, గంటలో వాణ్ణి లాక్కొస్తా. ఆ కొడుకుని కన్న తల్లిని కూడా లాక్కొచ్చి నిలబెడతా మీడియా ముందు."

"ముందు ఆస్పత్రికి పదండి," అంది జల్లెడ. "డాక్టర్ అడిగింది దొరికింది."

జీపులో డాక్టరుకి ఫోను కలిపింది. ఎవరూ ఎత్తలేదు. తర్వాత కొడుక్కి కలిపింది. మోగి మోగి ఆగిపోయింది. నైట్ డ్యూటీ చేసొచ్చి పడుకుంటే వాడు ఫోను ఎత్తడు, ఎప్పుడూ అంతే. పొద్దున ఆవిడ బయల్దేరేసరికి మొద్దు నిద్రలో ఉన్నాడు. తాత గురక వచ్చింది వీడికి అని అమ్మ నవ్వింది. వణుకుతున్నట్టు ముడుచుకుని ఉంటే జల్లెడే అల్మారాలోంచి బొంత తీసి కప్పింది. అమ్మకి నిద్ర పాడవుతుందని వాడి గది తలుపు చేరవేసి వచ్చింది.

పక్కన ప్రెస్‌మీట్ ఏదో మాట్లాడుతూనే ఉన్నాడు, ఆ మందు ఏమిటి మేడమ్, నాక్కూడా చెప్పొచ్చుగా అని. ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. తొందరగా వెళ్ళాలన్నది ఒక ఆలోచన. ఇంకోటి కూడా ఉంది, దాన్ని తలుచుకోవడానికే ఒళ్ళు చచ్చిపోతోంది. పిల్ల కాలి ప్లాస్టరు తనే విప్పితే. డాక్టరుకి చెప్పేసి, ఆ ముక్కని రుమాల్లో చుట్టి జేబులో వేసుకుంటే. పిల్ల బతుకుతుంది. ఎవరిదో ప్యాచ్ అంటే సరిపోతుంది. ఇరవై ఏళ్ళు అందరి సొరుగులూ లాగిన చెయ్యి, ఇప్పుడు జేబులో రుమాలు తడుముతోంది.

పొద్దున ఆ కుట్టుపని ఆవిణ్ణి చూసి మనసులో ఏమనుకుంది తను? మూడుసార్లు లేదంది కదా అనుకుంది. ఈ జీపులో కూర్చుని ప్రెస్‌మీట్ అడిగినప్పుడల్లా తను నోరు మూసుకున్నది ఎన్నోసారి మరి?

ఆస్పత్రి గది గుమ్మంలో ఆవిడ ఆగి, ఆయనతో, "మీరు బయట ఉండండి," అంది. ఆయన భుజాలు ఎగరేసి ఆగిపోయాడు. లోపల డాక్టరు ఇంకో ఇంజెక్షను ఎక్కిస్తున్నాడు. జల్లెడ దుప్పటి తొలగించింది. కుడి కాలు, మడమ పైన, బూటు అంచు రాసుకునే చోట గోధుమరంగు ప్లాస్టరు. బూటు కరిచిందనుకుని నర్సులెవరూ దాని జోలికి పోలేదు.

గోరు పెట్టి అంచు లేపింది. కింద పుండు లేదు. పారదర్శకంగా మెరిసే ముక్క ఒకటి, చర్మానికి తేమగా అతుక్కుని ఉంది. దాని మూలన నీలిరంగు పెన్నుతో తేదీ. పోయిన ఆదివారంది. ఎప్పుడు మార్చాలో మర్చిపోకుండా ప్రతి ప్యాచ్ మీదా తేదీ రాయండమ్మా అని నర్సు చెప్పింది. ఏడు అంకె నడుం మీద అడ్డగీత. జల్లెడ తప్ప ఆ ఇంట్లో ఏడుని అలా ఎవరూ రాయరు.

చెయ్యి రుమాలు దాకా వెళ్ళింది.

తర్వాత వెనక్కి తిరిగి, ఆఫీసరుగారూ ఇలా రండి అని పిలిచింది. ఆయన లోపలికి వచ్చాడు.

"డాక్టర్‌గారూ, ఇది క్యాన్సర్ రోగులకి అంటించే నొప్పి ప్యాచ్. మూడు రోజులు వాడేసిందే, కానీ ఇంకా మందుంది. నిన్న సాయంత్రంనుంచీ ఎక్కుతోంది. పొద్దున దీని పక్కనే వేడినీళ్ళ బ్యాగు పెట్టారు." ఊపిరి తీసుకుంది. "ఎలా తెలుసంటే, ఇది మా అమ్మది. ఈ అంకెలు నావి. తెచ్చి ఇచ్చింది మా అబ్బాయి."

డాక్టరు పట్టకారుతో ప్యాచ్ లాగేసి, నర్సుని తడిగుడ్డ తెమ్మని, తుడిపించి, మందు మోతాదు మార్చాడు. ఇక గట్టెక్కుతుందన్నాడు, అది తీసేశాం కాబట్టి. అంతే చెప్పి ఆవిడ మొహంలోకి చూడకుండా తన పనిలో పడ్డాడు.

ప్రెస్‌మీట్ ఆ ముక్కనీ ఆవిణ్ణీ మార్చి మార్చి చూశాడు. ఏదో వెటకారం వస్తుందని ఆవిడ ఎదురు చూసింది. వచ్చుంటే బాగుండేది. ఆయన కళ్ళు దించుకున్నాడు. ఆ జాలి తిట్టుకన్నా ఎక్కువ తగిలింది.

"వాడేసిందేగా అని మీరు..." అన్నాడు మెల్లగా.

"పడెయ్యలేదు. తిరిగివ్వలేదు. అల్మారాలో పెట్టాను." ఆవిడకి తన నోట్లోంచి వస్తున్న మాట ముందే తెలిసిపోయింది. పొద్దున్నుంచీ ముగ్గురి నోట విన్నదే. "నేను చేసిన తప్పు అదొక్కటే" అని నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

పిల్ల కళ్ళు తెరిచింది. ఈసారి చూపు నిలబడింది. తల్లిని లోపలికి రానిచ్చారు. ఆవిడ కూతురి కాలు పట్టుకుని ఏడుస్తుంటే, పిల్ల ఎండిన పెదాలతో అడిగింది.

"వాడు లేచాడా?"

"ఎవరు తల్లీ?" జల్లెడ వంగింది.

"ఇద్దరం... చెరొకటి అంటించుకున్నాం." పిల్ల మాట కూడదీసుకుంది. "వాడు నడుముకి. కుర్చీలో కూర్చుని కూర్చుని నొప్పి కదా. వాడేసినవేగా, ఏం కాదన్నాడు. నిద్ర మాత్ర కూడా... నా దాంట్లోంచి ఒకటిచ్చాను. ఒక్కటే."

డాక్టరు తలెత్తాడు. "ఆ అబ్బాయిని ఎవరైనా చూశారా ఇవాళ? ఎలా ఉన్నాడు?"

"నిద్రపోతున్నాడు," అంది జల్లెడ. "గురక..."

ఆ మాట అక్కడే ఆగిపోయింది. రూమ్మేటు ఫోనులో వీడియో, బరువైన గురక, మధ్యలో విరామం, వెనక నవ్వు. తాత గురక వచ్చింది వీడికి. తనూ నవ్వింది పొద్దున.

"అది గురక కాదు మేడమ్," అన్నాడు డాక్టరు. "ఊపిరి అందక పెనుగులాడటం. అందరూ గురకే అనుకుంటారు."

ప్రెస్‌మీట్ అప్పటికే వైర్‌లెస్‌లో అంబులెన్సుకి చెబుతున్నాడు, ఇంటి అడ్రసు చెప్పండక్కా అంటూ. ఇన్నేళ్ళ పరిచయంలోనూ ఆయన ఆవిణ్ణి అక్కా అని పిలవలేదు. ఆవిడ అడ్రసు చెప్పింది, తాళం ఆయన చేతిలో పెట్టింది, ఆయన పరుగెత్తాడు. ఆయన వెనకే పరుగెడుతూ ఇంటికి ఫోను కలిపింది. మంచం దిగలేని అమ్మ దిండు పక్కన ఫోను ఉంటుంది.

అమ్మ ఎత్తింది.

"అమ్మా, వాణ్ణి పిలు. గట్టిగా పిలు. పలుకుతున్నాడా?"

"పడుకున్నాడే తల్లీ, ఎందుకు లేపడం, రాత్రంతా డ్యూటీ చేసొచ్చాడు."

"వాడి గురక వినిపిస్తోందా?"

అవతల అమ్మ చెవి ఒగ్గి వింటోంది. మెట్ల మీద జల్లెడ కాళ్ళు ఆగిపోయాయి.

"లేదమ్మా," అంది అమ్మ, సంతోషంగానే. "ఇందాకటిదాకా ఇల్లెగరగొట్టాడు. ఇప్పుడే ఆగింది. హాయిగా నిద్ర పట్టినట్టుంది, పాపం."